లోపలి చక్రం

విమానం నేలను తాకింది గానీ నేల దాన్ని పట్టుకోలేదు.

షెడ్డు చూరు కింద రెయిన్‌కోటు తొడుక్కుని, చక్రాలకు అడ్డంగా పెట్టే దిమ్మెలు పక్కన పెట్టుకుని నిలబడ్డ బుజ్జికి ముందు అది అర్థం కాలేదు. రోజూ చూసేదే. చక్రాలు తగలగానే కాస్త పొగ లేస్తుంది, ఇంజన్ల హోరు పెరుగుతుంది, వేగం తగ్గుతుంది, తర్వాత విమానం బద్ధకంగా మలుపు తిరిగి తన వైపు వస్తుంది. ఈ సాయంత్రం పొగ లేవలేదు. ఎప్పుడూ తాకే చోటు దాటి చాలా దూరం వెళ్ళాక తాకింది. రెండు పక్కలా నీళ్ళు గోడల్లా లేచాయి. హోరు పెరిగింది. వేగం మాత్రం తగ్గలేదు.

కాసేపటికి దాని ముక్కు ఒక వైపు చూస్తోంది, విమానం ఇంకో వైపు వెళ్తోంది.

"ఆగు, ఆగవే తల్లీ" అంటున్నాడు బుజ్జి. పైకే అంటున్నానని అతనికి తెలియలేదు. లోపల ఉన్నది బావ. అక్క మొగుడు. ఎంత వర్షంలోనైనా దూదిలా దింపుతాడని పేరున్న మనిషి. తోక దీపం వానలో చిన్నదైపోతూ పోయి, ఉన్నట్టుండి పక్కకు ఒరిగింది. తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. మంటలార్పే బండ్లు సైరన్ వేసుకుంటూ పరిగెత్తాక గానీ అతనూ పరిగెత్తలేకపోయాడు.

రన్‌వే దాటి బురదలో ముక్కు పాతుకుని ఉంది విమానం. గాలి నింపిన జారుడు బల్లల మీంచి జనం కిందికి జారుతున్నారు. ఏడుపులు, పేర్లు పెట్టి పిలుపులు. ఒకావిడ విరిగిన చెయ్యిని రెండో చేత్తో పట్టుకుని, నొప్పి సంగతి మర్చిపోయి, తన సంచీ ఏదని అందర్నీ అడుగుతోంది. ఎవరూ చనిపోలేదు. ఆ మాట ఒకరి నోటి నుంచి ఇంకొకరి నోటికి చాలాసార్లు తిరిగింది.

బావ అందరికంటే చివర దిగాడు. బురదలో ఒక బూటు దిగబడిపోతే తీసుకోలేదు. మనుషుల వైపు చూడలేదు. వంగి, చక్రాల వైపు చూశాడు. లేచి బుజ్జిని చూశాడు. ఏదో అనబోయి అనలేదు. ఆ ఆగిన మాట బుజ్జి గుండెలో ముల్లులా దిగింది. ఎందుకంటే ఆ ఉదయం, ఆ విమానం బయలుదేరే ముందు, దాని చక్రాలు చూసింది తనే.

*

మర్నాడు వాన తెరిపిచ్చింది. పనివాళ్ళంతా రన్‌వే అంచున గుంపుగా నిలబడి చూస్తున్నారు. టైర్ల గుర్తులు ఎప్పుడూ నల్లగా ఉంటాయి. నిన్న ఆ విమానం వెళ్ళిన దారిలో మాత్రం తెల్లటి చారలున్నాయి, ఎవరో గొంతుక్కూర్చుని బ్రష్షుతో తోమినట్టు. చివరిదాకా, బురద దాకా.

"దెయ్యం కడిగి పోయినట్టుందిరా" అన్నాడు విమానాల్ని లాగే ట్రాక్టరు తోలేవాడు. ఒకరిద్దరు నవ్వారు. బుజ్జి నవ్వలేదు.

ఇన్‌చార్జి అతన్ని పక్కకు పిలిచాడు. "నిన్న పొద్దున దాన్ని చూసింది నువ్వే కదా?"

"నేనే సార్."

"నాలుగు చక్రాలూ కొలిచావా?"

"కొలిచాను సార్."

మాట నోట్లోంచి వచ్చేశాక గానీ దాని వెనక ఏముందో వెతుక్కోలేదు. వెతికితే ఏమీ లేదు.

రెక్కల కింద పక్కకు రెండేసి, పెద్ద చక్రాలు నాలుగు. గేజి సూదిని టైరు గాడిలో గుచ్చితే ఇంకా ఎంత లోతుందో చెబుతుంది. లోతు లేకపోతే వానలో నీళ్ళు పక్కకు పోవు, టైరు నేలను అందుకోదు. అందుకే వంగి, ఒక్కోదాన్నీ కొలవాలి. ఎడమ బయటి చక్రం గుర్తుంది, గాడిలో ఇరుక్కున్న గులకరాయిని గోటితో పెకలించాడు. ఎడమ లోపలిదీ గుర్తుంది, రెక్క మీంచి నీటిచుక్క సూటిగా మెడలోకి జారింది. కుడి బయటిది కొలుస్తుంటే ట్రాక్టరువాడు "కానీయ్ బాబూ, పెళ్ళి ముహూర్తం దాటిపోతోంది" అని హారన్ కొట్టాడు. కుడి లోపలిది? దానికి మోకాలి మీద కూర్చుని లోపలికి దూరాలి. మోకాలు తడిసినట్టు గుర్తుంది. కానీ ఆ తడి మోకాలు నిన్నటిదా, మొన్నటిదా? వానాకాలం మొదలయినప్పటి నుంచి రోజూ తడుస్తూనే ఉంది.

మిగతా మూడూ ఒకేలా ఉన్నాయి కదా, నాలుగోదీ అంతే ఉంటుందిలే అనుకుని లేచిపోయాడా? అలా ఎప్పుడూ చెయ్యలేదు. చెయ్యలేదా?

ఆ రోజంతా ఎవరు పిలిచినా ఉలిక్కిపడ్డాడు. చేతిలో స్పానర్ రెండుసార్లు జారిపడింది. అన్నం గిన్నె మూత తీసి, మళ్ళీ పెట్టేశాడు. ఆ చెయ్యి విరిగినావిడే కళ్ళల్లో మెదులుతోంది. ఆవిడ సంచీ దొరికిందో లేదో.

*

ఆ మరుసటి రోజు అక్క వచ్చేసరికి బుజ్జి ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. భార్య కళ్ళద్దాల దుకాణం నుంచి ఇంకా రాలేదు. అక్కకి ఊరికే కూర్చోవడం చేతకాదు. మంచం మీద ఆరిన బట్టల కుప్ప కనిపిస్తే ఒళ్ళోకి లాక్కుని మడత పెట్టడం మొదలుపెట్టింది.

"మీ బావ నిద్రపోవడం లేదురా బుజ్జీ" అంది. "కుర్చీలో కూర్చుని రెండు పాదాలతోనూ నేలను నొక్కుతుంటారు. తిమ్మిరెక్కిందేమో అనుకుని కాళ్ళు పట్టబోయాను. తర్వాత తెలిసింది, బ్రేకు తొక్కుతున్నారు."

బుజ్జి మంచం అంచున కూర్చున్నాడు.

"టైర్లు పట్టుకోలేదు, అంతేనట కదా?"

"బావ అన్నారా?"

"ఆయన నోరు విప్పితేగా! నేనంటున్నా. పట్టుకునుంటే ఆగేదిగా?" చొక్కా చేతులు వెనక్కి మడిచి అరచేత్తో గట్టిగా రుద్దింది. "దర్యాప్తుకి ఎవరో వచ్చారట. నిన్నూ పిలుస్తారట. ఏం చెబుతావు?"

రెండు రోజులుగా ఎవరికీ చెప్పని మాట అక్క అడిగేసరికి ఆగలేదు. "ఏం చెప్పాలో తెలీడం లేదక్కా. లోపలి చక్రం ఒకటుంది. అది కొలిచానో లేదో గుర్తు రావడం లేదు. ఎంత తన్నుకున్నా రావడం లేదు."

అక్క చేతులు ఆగిపోయాయి. చాలాసేపు తమ్ముడి మొహంలోకి చూసింది. ఆ చూపులో జాలి ఉంది. జాలి వెనకే ఇంకేదో కదిలింది. బుజ్జికి దాన్ని చూస్తే భయమేసింది.

"గుర్తు లేదంటే కొలవలేదనేగా?" అంది మెల్లగా.

"అలాగని కాదు..."

"నిన్ను అబద్ధం చెప్పమనడం లేదురా. గుర్తులేనిదాన్ని లేదనడంలో అబద్ధమేముంది?" గొంతు తగ్గించింది. "నీకీ పని పోతే ఇంకోటి దొరుకుతుంది. లారీలకి చక్రాల్లేవా, బస్సులకి చక్రాల్లేవా? ఆయనకి ఏముంది చెప్పు? ఆ సీట్లోంచి దించేస్తే ఆయన ఇంట్లో కూర్చుని ఏం తొక్కుతారు? మా ఇంటి నేలనా?"

ఈ పని ఇప్పించింది బావే. అక్క ఆ మాట అనలేదు. అనకపోవడమే పెద్దగా వినిపించింది.

"చెబుతావా?"

"సరే" అన్నాడు బుజ్జి.

అక్క మిగిలిన బట్టలన్నీ మడత పెట్టి, అంచులు కలిపి, దొంతర పేర్చి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. కాఫీ ఇస్తానన్నా ఆగలేదు.

సాయంత్రం భార్య వచ్చి దొంతర చూసింది. "మీ అక్క వచ్చిందా? ఏమడిగింది?"

"ఏం లేదు. ఊరికే."

"ఊరికే వచ్చి నా లంగాలు మడత పెట్టి పోయే మనిషి కాదావిడ" అంది. మొగుడి మొహం చూసి తర్వాత మాట మింగేసింది. ఆ పూట వంట తనే త్వరగా ముగించి, అడక్కుండానే అతని పక్కన కూర్చుంది. అతను చెప్పలేదు. చెబితే వద్దంటుంది. వద్దంటే ఆగిపోతాడు.

*

దర్యాప్తుకి వచ్చిన అధికారిణి తల బాగా నెరిసింది. గొంతు మెత్తగా ఉంది. అరిచే మనిషైతే బావుండేది అనిపించింది బుజ్జికి. అరుపుకి ఎదురుగా ఎలా నిలబడాలో తెలుసు.

"కూర్చో. ఆ ఉదయం ఏం చేశావో మొదట్నుంచీ చెప్పు."

చెప్పాడు. గులకరాయి గురించి, మెడలో పడ్డ చుక్క గురించి చెప్పాడు. నాలుగో చక్రం దగ్గరికి వచ్చేసరికి ఆగాడు. బల్ల మీది నీళ్ళ గ్లాసుని పక్కకు జరిపాడు.

"లోపలి చక్రం... కుడివైపుది... కొలవలేదండి."

ఆవిడ రాయడం ఆపి చూసింది. "కొలవలేదా?"

"లేదండి. అరిగిపోయుండొచ్చు. అందుకే పట్టుకోలేదేమో."

ఆవిడ కలానికి మూత పెట్టి లేచింది. "నాతో రా."

వెనక షెడ్డులో, తాళం తీసి లోపలికి వెళ్తే, నాలుగు చక్రాలూ చెక్కదిమ్మెల మీద నిలబెట్టి ఉన్నాయి. కడిగారు. ఆ రబ్బరు వాసన బుజ్జికి తెలుసు, అయినా ఇక్కడ ఆసుపత్రిలో మనిషిని చూడ్డానికి వచ్చినట్టుంది. ఆవిడ గేజి తీసి కుడి లోపలి చక్రం గాడిలో గుచ్చి అతనికి చూపించింది. సూది లోతుగా దిగింది.

"అరిగిపోలేదు. ఇంకా చాలాకాలం తిరిగేది. ఇప్పుడిక్కడ వేలు పెట్టు."

టైరు మీద ఒక చోట కోడిగుడ్డు ఆకారంలో, అరచేయి పట్టేంత మచ్చ. లక్క కరిగి మళ్ళీ గడ్డకట్టినట్టుంది. వేలికి జిగటగా తగిలింది.

"నాలుగింటికీ ఉన్నాయి ఇలాంటివి" అంది ఆవిడ. "చక్రాలు నేలను తాకనే లేదు. నీళ్ళ మీద తేలాయి. తేలినప్పుడు బ్రేకు వేస్తే చక్రం తిరగడం మానేస్తుంది గానీ విమానం ఆగదు. కింద నీళ్ళు మరిగి ఆవిరైపోతాయి. ఆ ఆవిరి మీద జారుతూ పోయింది. రన్‌వే మీద తెల్లచారలు చూశావా? ఆ ఆవిరి కడిగినవే. కొత్త టైర్లు వేసినా అంత నీటిలో, అంత వేగంలో ఇంతే."

బుజ్జి వేలు తియ్యలేదు. ఇన్ని రోజులుగా ఛాతీ మీద కూర్చున్న బరువు లేచిపోతున్నట్టనిపించింది. అదే క్షణంలో, తనకి తెలియకుండానే అడిగేశాడు. "మరి తప్పెవరిదండి?"

"నీళ్ళు నిలవడం ఒకటి. ఆలస్యంగా తాకడం ఒకటి. అదంతా నేను చూసుకుంటాను." ఆవిడ తాళం చేతిలోకి తీసుకుంది. "నాకు అర్థం కానిది నువ్వు. మీ ఇన్‌చార్జితో కొలిచానన్నావు. నాతో కొలవలేదన్నావు. రెండింటిలో ఒకటి అబద్ధం. టైరు బాగున్నంత మాత్రాన నువ్వు బాగున్నట్టు కాదు. ఇంకా ఎన్ని విమానాల చక్రాలు చూడకుండా పంపించావో ఇప్పుడు నేను అడగాలి."

బుజ్జి టైరు మీంచి వేలు తీశాడు. అక్క అడిగిందని చెప్పాలి. లేదా చెప్పకూడదు. వేలికంటిన జిగటను ప్యాంటుకి తుడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి ఇన్‌చార్జి అతని మెడలో వేలాడే గేటు పాస్ తీసుకున్నాడు. "ఎందుకు చెప్పావురా ఆ మాట?" అన్నాడు బాధగా. "నిన్నెవరు అడిగారు?"

*

మళ్ళీ వాన పట్టుకుంది. బస్సు నీళ్ళు నిలిచిన రోడ్డు మీద పోతుంటే బుజ్జి ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు. చక్రాల కింద నీళ్ళు చీలినప్పుడల్లా కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పక్కనాయన "ఏం బాబూ, ఒంట్లో బాగోలేదా?" అని కిటికీ వైపు చోటిచ్చాడు.

ఇప్పుడు దర్యాప్తు బావ వైపు తిరుగుతుంది. ఆ సంగతి అక్కకి తనే చెప్పాలి. నేను చేసిన పని ఎందుకూ పనికిరాలేదక్కా అని చెప్పాలి.

తలుపు బావే తీశాడు. గడ్డం పెరిగింది. లోపల్నుంచి తువ్వాలు తెచ్చి ఇచ్చాడు. "తుడుచుకో. కూర్చో."

"బావా" అన్నాడు బుజ్జి, కూర్చోకుండానే. "టైర్లు బాగానే ఉన్నాయి. ఇవాళ చూపించారు."

"తెలుసు."

"ఆలస్యంగా తాకిందని అంటున్నారు బావా. మీ మీదికి వస్తుందేమో..."

"వచ్చేదేముంది? నేనే చెప్పాను" అన్నాడు బావ. కుర్చీలో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. "ఆ సాయంత్రమే, బట్టల మీద బురద ఆరకముందే చెప్పేశాను. తాకేసరికే చాలా దూరం అయిపోయింది. అప్పుడే మళ్ళీ పైకి లేపెయ్యాలి. పక్క సీట్లో కుర్రాడు 'సార్' అన్నాడు. వాడి గొంతులోనే తెలిసింది నాకు. ఆగుతుందిలే అనుకున్నాను. ఎప్పుడూ ఆగుతుందిగా." పాదాలు నేలను నొక్కుతూనే ఉన్నాయి. "ఆగకపోతే ఎలా ఉంటుందో తెలుసా బుజ్జీ? మన కింద ఏమీ లేనట్టు ఉంటుంది. కాలు ఎంత నొక్కినా అవతల ఏమీ ఉండదు."

వంటింటి గుమ్మంలో గరిటె చప్పుడయింది. అక్క నిలబడి ఉంది.

"ఆ రోజే చెప్పేశారా? నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు భయపడతావని."

"ఇన్నాళ్ళూ భయపడకుండా ఉన్నానా?" అంది అక్క. అప్పుడు ఆమె చూపు తమ్ముడి మెడ మీద పడింది. పాస్ లేని ఖాళీ మెడ.

"వెళ్ళావా?" అంది.

"వెళ్ళాను."

"చెప్పావా?"

బుజ్జి తువ్వాలుతో జుట్టు తుడుచుకుంటూనే ఉన్నాడు. జుట్టు ఎప్పుడో ఆరింది.

బావ ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏం చెప్పాడు?"

బుజ్జి తువ్వాలు కిందికి దించాడు. "లోపలి చక్రం కొలవలేదని చెప్పాను బావా" అన్నాడు చివరికి బుజ్జి. అక్క వైపు చూడకుండా అన్నాడు. చూడకపోవడంతోనే బావకి అంతా అర్థమైపోయింది.

"నువ్వు అడిగావా వాణ్ణి?" అన్నాడు భార్యతో.

ఆమె గరిటెని చీరకొంగులో చుట్టి పట్టుకుని నిలబడింది. బావ పాదాలు నేలను నొక్కడం ఆపేశాయి. లేచి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకున్నాడు. గట్టిగా వేసినా బావుండేది.

*

మర్నాడు పొద్దున్నే బుజ్జి ఇంటి ముందు అక్క గొడుగుతో నిలబడి ఉంది. తల కూడా సరిగా దువ్వుకోలేదు.

"పద" అంది.

"ఎక్కడికి?"

"ఆ దర్యాప్తుకొచ్చినావిడ దగ్గరికి."

బుజ్జి భార్య గుమ్మంలోంచి చూస్తోంది. ముందురోజు సాయంత్రం బుజ్జి ఆమెకి అన్నీ చెప్పేశాడు. ఆమె మొగుడి చేతికి అన్నం గిన్నె ఇచ్చి, "ఇద్దరికీ సరిపోతుంది" అంది.

బయటివాళ్ళకి లోపలికి అనుమతి లేదన్నారు గేటు దగ్గర. అక్క అక్కడే నిలబడింది, గొడుగు మూసేసి, వానలో. పెద్ద మనిషి అలా తడుస్తుంటే చూడలేక కాపలావాడు ఫోన్ చేశాడు. దర్యాప్తు అధికారిణే గేటు దాకా వచ్చింది.

"నేను వీడి అక్కనండి. ఆ పైలట్ భార్యని" అంది అక్క. చీర అంచుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. "కొలవలేదని చెప్పమని వీడికి చెప్పింది నేను. మా ఆయన్ని కాపాడుకుందామని. ఆయనకి ఈ సంగతి అప్పుడు తెలీదు. వీడికి తెలిసిందల్లా నేనడిగితే కాదనలేకపోవడం." అంతదాకా తడబడకుండా చెప్పి, ఆపైన పెదవులు బిగపట్టుకుంది.

ఆవిడ చాలాసేపు అక్కని చూసింది. తర్వాత బుజ్జి వైపు తిరిగింది. "ఇప్పుడు మీ అక్క మాట కాదు, ఇన్‌చార్జి మాట కాదు. నీ మాట చెప్పు. ఆ చక్రం కొలిచావా?"

కొలిచానంటే అయిపోతుంది. అక్క కళ్ళు అదే అనమంటున్నాయి. పాస్ వెనక్కి వస్తుంది. బుజ్జి మళ్ళీ ఆ ఉదయంలోకి వెళ్ళాడు, వాన, హారన్, తడి మోకాలు. అది ఏ రోజుదో ఇప్పటికీ తెలియలేదు. ఇక ఎప్పటికీ తెలియదని మొదటిసారి అర్థమైంది.

"గుర్తు లేదండి" అన్నాడు. "కొలిచే ఉంటాను. కానీ గుర్తు లేదు. అదే నిజం."

"మొదటిరోజే ఈ మాట ఎందుకు చెప్పలేదు?"

"భయమేసిందండి."

ఆవిడ కాగితం తీయలేదు. "దీన్ని రాతపూర్వకంగా తీసుకుంటాను, లోపలికి రా" అంది. అక్కతో, "మీరు ఆ చూరు కిందికైనా వెళ్ళండమ్మా" అంది.

బుజ్జి తిరిగి వచ్చేసరికి వాన సన్నబడింది. పని పోలేదు. విమానాల దగ్గరికి మాత్రం వెళ్ళకూడదు. దర్యాప్తు తేలేదాకా స్టోర్‌లో సామాన్లు అందించాలి. ఆ తర్వాత ఏమిటో ఎవరూ చెప్పలేదు.

బస్టాపులో ఇద్దరూ బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో అన్నం గిన్నె.

"ఆ రోజు నన్ను తిట్టి పంపించాల్సిందిరా" అంది అక్క. "సిగ్గులేదా నీకు అని అనాల్సింది."

బుజ్జి రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాడు. చిన్నప్పట్నుంచీ అక్కని ఒక్క మాట అనలేదు. అనే అవసరం వస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడొక మాట నోటిదాకా వచ్చింది. అది మింగితే లోపలే ఉండిపోతుందని తెలుసు.

"నువ్వు నన్ను అలా అడక్కుండా ఉండాల్సిందక్కా" అన్నాడు.

అక్క మొహం తిప్పుకుంటుందనుకున్నాడు. తిప్పుకోలేదు. ఎదురుగా, దెబ్బకి సిద్ధంగా ఉన్నట్టు కూర్చుంది.

"ఇంకా అను" అంది.

బస్సు వచ్చింది. ఆగింది. డ్రైవరు ఇద్దర్నీ ఓసారి చూసి, తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. బుజ్జి ఇంకా చెబుతూనే ఉన్నాడు.